ఊపిరి తీసుకునే తీరిక ఎవరిది?

"ఊపిరి సలపడం లేదు" అనే మాట మన ఇళ్లల్లో ఎక్కువగా ఎవరి నోట వినిపిస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే స్టవ్వు ముందు నిలబడ్డ అమ్మ, బస్సు కోసం పరిగెత్తే ఉద్యోగిని, పరీక్ష పేపర్ల కట్టలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చే టీచరు. పని ఎక్కువైందని చెప్పడానికి మన భాష ఊపిరినే ఆశ్రయించింది. తీరిక దొరికితే "ఊపిరి పీల్చుకున్నాను" అంటాం. తీరికకీ ఊపిరికీ వున్న ఈ చుట్టరికాన్ని నేను చాలాకాలం పట్టించుకోలేదు.

నాలుగేళ్ల కిందట మెడనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి గుండెదడ, ఈ మూడూ కలిసి పట్టుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాను. పరీక్షలన్నీ చేయించి, "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి. రోజూ ఓ అరగంట ధ్యానమో, ప్రాణాయామమో, తాయ్ చీయో చెయ్యండి" అన్నాడు. ఆ అరగంట ఎక్కడ దొరుకుతుందో మాత్రం మందుల చీటీలో రాయలేదు. కాలేజీ, ఇల్లు, మంచాన వున్న అత్తగారు, వీటిలో ఎవరి వాటా లోంచి ఆ అరగంట తీసుకోవాలి?

తర్వాత ఒక స్నేహితురాలి దగ్గర బాదువాన్‌జిన్ నేర్చుకున్నాను. చైనావాళ్ల చీగోంగ్ పద్ధతుల్లో ఇదొకటి. పేరుకి "ఎనిమిది జరీపట్టు ముక్కలు" అని అర్థం. నిలబడి, మెల్లగా, ఊపిరితో చేతుల్ని జతచేసి చేసే ఎనిమిది కదలికలు. చాప అక్కర్లేదు, ప్రత్యేకమైన బట్టలు అక్కర్లేదు, చీర కట్టుకుని కూడా చెయ్యొచ్చు. పావుగంటలో అయిపోతుంది. నాకు నిద్ర మెరుగైంది, మెడ కొంచెం తేలికపడింది. కానీ చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కదా, అలవాటు ఊరుకోనివ్వదు. ఈ కదలికలు మొదట ఎవరు చేశారు? ఎవరికి చేసే తీరిక వుండింది? ఆడవాళ్లు ఇందులోకి ఎప్పుడు, ఏ దారిన వచ్చారు? వెతుక్కుంటూ పోతే దొరికినవి ఇక్కడ పంచుకుంటున్నాను.

ముందు ఆ "చీ" సంగతి. ఊపిరి, గాలి, ఆవిరి, శరీరంలో తిరిగే శక్తి, అన్నిటికీ చైనీయుల భాషలో అదే మాట. కోపం రావడాన్ని కూడా వాళ్లు "చీ పుట్టడం" అంటారు. అంటే కోపం ఊపిరికి సంబంధించిన విషయం. మింగిన కోపం ఎక్కడికీ పోదు, లోపలే గడ్డకట్టి జబ్బవుతుందని చైనా వైద్యం శతాబ్దాలుగా చెబుతూనే వుంది. చీగోంగ్‌లో "గోంగ్" అంటే సాధన, శ్రమపడి సంపాదించిన నేర్పు. ఈ జంటపదం ఇప్పటి అర్థంలో స్థిరపడింది మాత్రం 20వ శతాబ్దంలోనే. అంతకుముందు వాడుకలో వున్న పాతమాట "దావోయిన్". లాగడం, నడిపించడం అని దాని అర్థం.

ఈ దావోయిన్‌కి మనకు దొరికిన అతిపాత బొమ్మలు హునాన్ రాష్ట్రంలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయి సమాధుల్లో బయటపడ్డాయి. 1973లో మూడో సమాధిని తవ్వినప్పుడు పట్టుబట్ట మీద గీసిన ఒక పటం ముక్కలుగా దొరికింది. సమాధి క్రీస్తుపూర్వం 168 నాటిది. ముక్కల్ని అతికించి చూస్తే నాలుగు వరసల్లో 44 మంది మనుషులు. కొందరు వంగుతున్నారు, కొందరు చేతులు చాస్తున్నారు, కొందరు పక్షుల్నీ జంతువుల్నీ అనుకరిస్తున్నారు. వాళ్లలో ముసలివాళ్లూ పడుచువాళ్లూ వున్నారు, మగవాళ్లూ ఆడవాళ్లూ వున్నారు. రెండువేల ఏళ్ల కిందటి ఆ పటంలో స్త్రీలు చూసే వాళ్లుగా కాకుండా చేసే వాళ్లుగా కనిపించడం నాకు చాలా సంతోషం కలిగించింది.

కానీ పక్క సమాధిలోకి తొంగిచూస్తే ఆ సంతోషం సగమైంది. అంతకు ముందు ఏడాది, 1972లో, మొదటి సమాధిలో షిన్ జుయి అనే స్త్రీ శరీరం దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. ఆమె అక్కడి ప్రభువు భార్య. పటం దొరికిన సమాధి ఆమె కొడుకుదని పండితుల అంచనా. సుమారు 50 ఏళ్ల వయసులో చనిపోయిన ఆ తల్లికి శవపరీక్ష చేస్తే గుండె రక్తనాళాలు పూడుకుపోయి వున్నాయి, పిత్తాశయంలో రాళ్లున్నాయి. సమాధిలో పరిచిన పట్టుపటం మీద ఆమె చేతికర్ర ఆనుకుని నిలబడి వుంటుంది. ఆరోగ్యానికి దారి చూపే బొమ్మలు కొడుకుతో, చేతికర్ర తల్లితో! ఆమె ఎప్పుడైనా ఆ కదలికలు చేసిందో లేదో చెప్పే ఆధారం లేదు. సంపద వున్న స్త్రీకి కూడా కదలిక వున్న జీవితం దక్కిందని అనుకోలేమని మాత్రం అర్థమైంది.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పుకోవాలి. చీగోంగ్ మాట ఎత్తగానే మనవాళ్లు "అదంతా మన బోధిధర్ముడు నేర్పిందే కదా" అంటారు. 2011లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన "సెవెన్త్ సెన్స్" సినిమా తర్వాత ఈ మాట మరీ ఎక్కువైంది. యీజిన్‌జింగ్ అనే కండరాల సాధన గ్రంథాన్ని బోధిధర్ముడి పేరుకి ముడిపెట్టడం నిజమే. కానీ ఆ గ్రంథం 17వ శతాబ్దానిది, బోధిధర్ముడు అంతకు వెయ్యేళ్లకు పైగా ముందువాడు. ఆ ముడి కట్టుకథ అని చైనా చరిత్రకారులే తేల్చారు. దేశాలు కొట్లాడుకునేది ఎప్పుడూ తండ్రి ఎవరన్న దాని గురించే. మా వాడు నేర్పాడు, మీ వాడు నేర్చుకున్నాడు అన్న ఈ పంచాయితీలో సాధన చేసిన ఆడవాళ్ల ఊసే రాదు.

అలా ఊసులోకి వచ్చిన అరుదైన పేరు సున్ బుఅర్. 1119లో పుట్టింది, 1182లో చనిపోయింది. పెళ్లయింది, ముగ్గురు కొడుకులున్నారు. భర్త మా యూ తావో గురువు వాంగ్ చోంగ్యాంగ్‌కి శిష్యుడై ఇల్లు విడిచాడు. తర్వాత ఆమె కూడా విడిచింది, 50 ఏళ్ల వయసులో. చివరికి ఆ గురువు ఏడుగురు ప్రధాన శిష్యుల్లో ఒకే ఒక్క స్త్రీగా నిలిచింది. ఆమె గురించి తర్వాతి కాలపు కథల్లో ఒక ఘట్టం వుంది. సాధన కోసం లోయాంగ్ దాకా ఒంటరిగా ప్రయాణం చెయ్యాలి. అందమైన స్త్రీవి, దారిలో నీకు రక్షణ లేదంటాడు గురువు. ఆమె వంటింట్లోకి వెళ్లి మరిగే నూనె మొహం మీద చిందించుకుని, ఇప్పుడు వెళ్లొచ్చా అని అడుగుతుంది. ఇది చరిత్ర కాదు, కథే. కానీ ఆ కథ అల్లినవాళ్లకి, విన్నవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. ఒక స్త్రీ ప్రశాంతంగా కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టాలంటే ముందు వీధి దాటాలి, వీధి దాటడానికి మొహం చెల్లించాలి. భర్త అదే ప్రయాణానికి ఏం చెల్లించాడని ఏ కథా అడగదు.

సున్ బుఅర్ పేరుని ఆరాధిస్తూ తర్వాతి శతాబ్దాల్లో స్త్రీల కోసం ప్రత్యేక సాధన గ్రంథాలు వచ్చాయి. ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో. కూర్చుని చేసే శ్వాస, రొమ్ముల మర్దన, చివరికి నెలసరి ఆగిపోవడం. దాన్ని "ఎర్ర డ్రాగన్‌ని నరకడం" అన్నారు. ఈ గ్రంథాల్ని చదువుతుంటే రెండు రకాల భావాలు కలుగుతాయి. మోక్షం కావాలంటే ముందు ఆడతనాన్ని రద్దు చేసుకోమనే ఈ మాట మనకి కొత్తది కాదు, మన మతాలు కూడా చెప్పాయి. మరోపక్క, పెళ్లికీ పిల్లలకీ చెందని కొంత సమయం, కొంత శరీరం స్త్రీకి వుండొచ్చని వొప్పుకున్నవి కూడా ఇవే. అదే కాలంలో లక్షల ఇళ్లల్లో ఆడపిల్లల పాదాల్ని గుడ్డలతో బిగించి కడుతున్నారన్నది మర్చిపోకూడదు. నిలబడితేనే నొప్పి పుట్టే పాదాలున్న స్త్రీకి దొరికేది కూర్చుని చేసే సాధనే.

తాన్ యున్‌షియన్ గురించి కూడా చెప్పాలి. 1461లో పుట్టిన ఈ వైద్యురాలు నానమ్మ దగ్గర వైద్యం నేర్చుకుని, 1511లో తన 31 రోగుల వివరాలు రాసిపెట్టింది. రోగులందరూ స్త్రీలే. ఆమె చేసింది మూలికా వైద్యం, వేడి వైద్యం, చీగోంగ్ కాదు. అయినా నాకు ఆమె ఈ చరిత్రలో మనిషే అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె రోగం పేరుతో ఆగలేదు. శక్తికి మించిన చాకిరీ చేసి పడిపోయిన స్త్రీలనీ, ఇంట్లో మింగిన కోపంతో జబ్బుపడ్డ స్త్రీలనీ ఆ కారణాలతో సహా నమోదు చేసింది. మనం ఈ రోజు "స్ట్రెస్" అనే ఒక్క మాటలో కప్పిపెట్టేదాన్ని ఆమె ఐదువందల ఏళ్ల కిందటే విప్పి రాసింది. నా డాక్టరు రాయని సంగతి అదే.

19వ శతాబ్దం చివరి నుంచి పాదాల కట్లు విప్పే ఉద్యమం బలపడింది. చ్యూ జిన్ లాంటి వాళ్లు కట్లు విప్పుకుని, జపాన్ వెళ్లి చదువుకుని, కత్తిసాము చేసి, స్త్రీల శరీర దారుఢ్యాన్ని దేశ విముక్తితో ముడివేశారు. 1907లో ఆమెకి మరణశిక్ష వేశారు. ఆమె తరం కోరుకున్నది బలం. విశ్రాంతి గురించి మాట్లాడే వ్యవధి ఆ తరానికి లేదు.

విశ్రాంతి 1950ల్లో ప్రభుత్వ విధానంగా వచ్చింది. హెబేయి ప్రాంతపు పార్టీ కార్యకర్త ల్యూ గుయిజెన్ కడుపులో పుండుతో బాధపడుతూ సొంతవూరు వెళ్లి, అక్కడ ఒక పెద్దమనిషి దగ్గర శ్వాస సాధన నేర్చుకుని కోలుకున్నాడు. దాన్ని మతపు మాటల్లోంచి బయటికి లాగి, వైద్యంగా మలిచి, చీగోంగ్ అని పేరుపెట్టి ప్రచారం చేసింది ఆయనా ఆయన సహచరులే. పడుకునో కూర్చునో, ఊపిరితో పాటు "నేను నెమ్మదిగా వున్నాను" లాంటి మాట లోలోపల అనుకోవడం ఆ పద్ధతి. ముందు టాంగ్‌షాన్‌లో, తర్వాత సముద్రతీరంలోని బెయ్‌దాయ్‌హేలో ఆరోగ్యకేంద్రాలు వెలిశాయి. వాటిలో ముఖ్యంగా సేదతీరినవాళ్లు పార్టీ అధికారులు. అదే కాలంలో గ్రామీణ చైనాలో స్త్రీలు పగలు సమష్టి పొలాల్లో, రాత్రి ఇంట్లో పనిచేస్తున్నారు. ఆకాశంలో సగం స్త్రీలే మోస్తున్నారన్న నినాదం ఆ రోజులదే. మిగతా సగం మోసేవాళ్లకి సముద్రతీరాన విశ్రాంతి కేంద్రం వుందన్నమాట. ఆ కేంద్రం కూడా ఎంతోకాలం నిలవలేదు. 1960ల మధ్యలో చీగోంగ్‌ని మూఢనమ్మకమని ఖండించారు, కేంద్రాలు మూసేశారు, ల్యూని పదవి నుంచి తొలగించారు.

అప్పుడు ఒక జబ్బుమనిషి దాన్ని పార్కులోకి తీసుకొచ్చింది. ఆమె పేరు గువో లిన్. 1909లో పుట్టింది. వృత్తిరీత్యా చిత్రకారిణి. గర్భాశయ క్యాన్సర్ వచ్చి, తిరగబెట్టి, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయించుకుంది. చిన్నప్పుడు తాత నేర్పిన శ్వాస సాధనని గుర్తు తెచ్చుకుని, పాత గ్రంథాలు చదివి, తన శరీరం మీదే ప్రయోగాలు చేసి ఒక నడక పద్ధతిని తయారు చేసుకుంది. ముక్కుతో రెండు చిన్న పీల్పులు, ఒక వదులు. మడమ ముందు ఆనించి మెల్లగా అడుగు, అడుగుతో పాటు పక్కకి ఊగే చేతులు. ఆమె మనిషిని పడుకోబెట్టలేదు, నడిపించింది. జబ్బుతో గదిలో ఒంటరైపోయిన మనిషిని చెట్ల కిందికి, నలుగురి మధ్యకి తెచ్చింది.

1970ల మొదట్లో, సాంస్కృతిక విప్లవం ఇంకా నడుస్తుండగానే, బీజింగ్ పార్కుల్లో ఆమె నేర్పడం మొదలుపెట్టింది. పదిమంది ఒకచోట చేరితేనే అనుమానించే రోజులవి. పోలీసుల వేధింపులు ఎదురయ్యాయి. అయినా ఆపలేదు. అంతకుముందు ఈ విద్య గురువు నుంచి ఒక శిష్యుడికి రహస్యంగానో, ఆరోగ్యకేంద్రంలో డాక్టరు నుంచి రోగికో అందేది. బహిరంగంగా, గుంపుకి, వచ్చిన వాళ్లందరికీ నేర్పే పద్ధతిని నిలబెట్టింది గువో లిన్. చైనా పార్కుల్లో ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే ఆ ఉదయపు గుంపుల వెనక ఆమె వుంది. 1984లో చనిపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. తన నడక క్యాన్సర్‌ని నయం చేస్తుందని ఆమె అన్నది, ఆమె శిష్యులూ అన్నారు. ఆ మాటకి వైద్యపరమైన రుజువు లేదు. ఆమె స్వయంగా శస్త్రచికిత్సలు చేయించుకున్న మనిషి. మన చుట్టూ రొమ్ములో గడ్డని చెప్పుకోలేక దాచుకునే స్త్రీలు ఎందరో వున్నారు, వాళ్లకి ఆసుపత్రికి బదులు నడక చాలని చెప్పడం ద్రోహం. మెల్లని శ్వాస చేసేది వేరే పని. అది గుండె వేగాన్ని నిదానింపజేస్తుంది, బిగుసుకున్న కండరాల్ని వదులు చేస్తుంది. ఒళ్లంతా నొప్పులతో, అలసటతో బాధపెట్టే ఫైబ్రోమయాల్జియా మీద 2010లో అమెరికాలో 66 మందితో చేసిన ఒక పరిశోధనలో 12 వారాల తాయ్ చీ తర్వాత నొప్పి, నిద్ర మెరుగయ్యాయని తేలింది. పాల్గొన్న వాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. "నీకేం లేదు" అనిపించుకుంటూ తిరిగే నొప్పి అది. ఆ మాత్రం ఉపశమనం తక్కువేం కాదు. అంతకు మించి మాత్రం వాగ్దానం చెయ్యకూడదు.

వాగ్దానాలు చేసిన మగవాళ్లు తర్వాత వచ్చారు. 1980ల్లో ప్రభుత్వం మళ్లీ అనుమతించగానే దేశమంతా చీగోంగ్ జ్వరం పట్టుకుంది. స్టేడియాలు నిండిపోయాయి. వేదిక మీద చేతులు చాపి శక్తిని ప్రసరిస్తామనే మహాగురువులు దాదాపు అందరూ పురుషులు, కింద కూర్చున్న వాళ్లలో పెద్ద సంఖ్యలో స్త్రీలు. పార్కులో పక్కపక్కన నడిచిన సంబంధం పోయి, మళ్లీ గురుపీఠం వచ్చింది. 1990ల చివర ప్రభుత్వ ఫ్యాక్టరీలు కోట్లమంది కార్మికుల్ని ఇంటికి పంపినప్పుడు ఆ దెబ్బ స్త్రీల మీద ఎక్కువగా పడింది. జీతంతో పాటు ఫ్యాక్టరీ ఇచ్చే వైద్యం కూడా పోయింది. ఖర్చులేని చీగోంగ్ వైపు జనం వెళ్లడానికి అదీ ఒక కారణం. 1999లో ఫాలున్ గోంగ్ మీద నిషేధం వచ్చింది. ఎంతోమంది అరెస్టయ్యారు, వాళ్లలో నడివయసు స్త్రీలూ ముసలివాళ్లూ చాలామంది. ఇతర గుంపుల మీద కూడా నిఘా పెరిగింది. ఆ తర్వాత క్రీడల శాఖ నాలుగు పద్ధతుల్ని ఎంపిక చేసి, 2003లో వాటి అధికారిక పాఠాలు ప్రచురించింది. నేను నేర్చుకున్న బాదువాన్‌జిన్ ఆ నాలుగింటిలో ఒకటి. పేరు 12వ శతాబ్దపు రచనల్లోనే వుంది, నా దాకా వచ్చిన రూపం మాత్రం ప్రభుత్వం సరిచేసి ఇచ్చింది. ఊపిరి మీద కూడా రాజ్యానికి ఇంత శ్రద్ధ ఎందుకో ఆలోచించుకోవాల్సిన విషయమే.

చైనా పార్కుల్లో ఉదయాన్నే అంతమంది స్త్రీలు ఎందుకుంటారు? వాళ్ల సంస్కృతి అలాంటిదని తేల్చేస్తాం. కానీ 1950ల నుంచి అక్కడ కార్మిక స్త్రీల పదవీ విరమణ వయసు 50, ఆఫీసు ఉద్యోగినులకి 55, పురుషులకి 60. తొందరగా ఇంటికి పంపడంలో వివక్ష వుంది, పెన్షన్ తగ్గుతుంది, మనవల పెంపకం మీద పడుతుంది. అయినా మనవల్ని బడికి తయారుచేసే ముందు ఒక గంట, నడవడానికి ఒక పార్కు, చేతికి కాస్త పెన్షన్, పక్కన నిలబడే సాటి స్త్రీలు. ఆ ప్రశాంతత వీటన్నిటి మీదా నిలబడి వుంది. 2025 జనవరి నుంచి ఆ వయసుల్ని 15 ఏళ్లలో క్రమంగా 55, 58, 63కి పెంచుతున్నారు. రేపటి పార్కులు ఎలా వుంటాయో చూడాలి.

మన దగ్గర స్ట్రెస్ తగ్గించుకోవడం స్త్రీ మీద పడ్డ మరో డ్యూటీ అవుతోంది. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు, వాటితో పాటు ప్రశాంతంగా వుండటం కూడా. లేకపోతే "నువ్వే సరిగ్గా ధ్యానం చెయ్యట్లేదు" అనే నింద. పనిభారం అలాగే వుంచి భరించే శక్తిని మాత్రం పెంచే సాధన ఎవరికి మేలు చేస్తుంది? ఈ అనుమానంతోనే నేను చాలా రోజులు బాదువాన్‌జిన్ చేశాను.

అనుమానం తీరింది ఆ కదలికల్లోనే. మొదటిది రెండు అరచేతులూ తలపైకెత్తి ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడటం. మోసిన తర్వాత చేతులు దించాలి. ఊపిరి వదులుతూ, పక్కల నుంచి, మెల్లగా. మోయడం ఎంత ముఖ్యమో దించడం అంతే ముఖ్యం. ఆకాశంలో సగం మోయమన్న నినాదంలో దించడం లేదు. ఏడో కదలికలో పిడికిళ్లు బిగించి, కళ్లు పెద్దవి చేసి కోపంగా చూడాలి. మెత్తని వ్యాయామమని పేరున్న దాంట్లో కోపానికి ఒక చోటుంది! మింగమనలేదు, కళ్లలోకి, పిడికిట్లోకి తెమ్మంది. నాలుగో కదలికలో తల మెల్లగా తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. ఐదు రకాల అలసటలూ ఏడు రకాల దెబ్బలూ దానితో పోతాయని దాని పేరు చెబుతుంది. వెనక్కి చూడటం అలసటకి మందని చరిత్ర టీచరుకి వేరే చెప్పాలా?

ఇప్పుడు మా కాలనీ పార్కులో పొద్దున్న ఆరింటికి ఏడుగురం చేరుతున్నాం. ఇద్దరు ఇళ్లల్లో పనిచేసే వాళ్లు, పనికి వెళ్తూ పావుగంట ఆగుతారు. మొదట్లో ఒకావిడ "మా ఆయన అడిగితే ఏం చెప్పాలమ్మా" అంది. ఏం చెప్పిందో తెలీదు కానీ వస్తోంది. పోయిన వారం ఏడో కదలిక దగ్గర పిడికిలి బిగించి కళ్లు పెద్దవి చేసి, అలాగే ఉండిపోయి, పకపకా నవ్వేసింది. మేమందరం కూడా నవ్వాం. అత్తగారికి మధ్యాహ్నం మందులు ఇవ్వడం ఇప్పుడు మా ఆయన పని. ఆ అరగంట నాకు అలా వచ్చింది. అడిగితేనే వచ్చింది.